“పిల్లలతో మాట్లాడండి” అని ఇంటింటికీ తిరిగి చెప్తున్నా ఎవరూ వినట్లేదు. ఏం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. విజయవాడలో కొండవాలు ఇళ్ల మధ్య ఉన్న కేంద్రంలో అంగన్‌వాడీ టీచర్‌గా చేరి ఐదు నెలలైంది. మూడేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు వెళ్లి, పిల్లలతో మాట్లాడమని, ఆడించమని చెప్పమన్నారు. తల్లులు తలాడిస్తున్నారు, మళ్లీ వారం వెళ్తే మామూలే. ఒక అత్తగారైతే “నలుగుర్ని పెంచానమ్మా, నీకు పెళ్లయిందా?” అనేసింది. అసలు ఈ తిరుగుడు వల్ల ఉపయోగం ఉందా, ఉంటే ఆధారమేంటి అని మీ అనుమానం. ఫోన్ చూపిస్తేనే పిల్లలు తింటున్నారు, దానికేం చేయాలని కూడా అడిగారు.

ఉపయోగం ఉందమ్మా. కాకపోతే అది చెప్పడం వల్ల వచ్చేది కాదు. చెప్పడం తగ్గించి, ముందు చూడటం మొదలుపెట్టండి. ఆ ఇంట్లో ఇప్పటికే జరుగుతున్న మంచి పని ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకుని, ఫలానా పని బాగుందని పేరు పెట్టి చెప్పి, దానికి ఇంకొక్కటి కలిపి వచ్చేయండి. ఒక్కటే. ఇక ఆ అత్తగారంటారా, ఆవిడ మీకు అడ్డం కాదు. ఆ మెట్ల వరసలో మీకు దొరకబోయే మొదటి తోడు ఆవిడే. ఎలాగో చెప్తాను.

నేను గుంటూరు జిల్లాలో అంగన్‌వాడీలను పర్యవేక్షించే ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌గా 27 ఏళ్లు చేసి రిటైరయ్యాను. నేను మీకన్నా ఘోరంగా మొదలుపెట్టాను. చేరిన కొత్తలో బొమ్మల ఛార్టులు చంకన పెట్టుకుని, మిర్చి యార్డుకు దగ్గర్లో ఉన్న ఒక పేటకు వెళ్లేదాన్ని. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ పేటలో ఆడవాళ్లంతా మిరపకాయలకు తొడిమలు తీసే పనిలోనో, తాలు కాయలు ఏరే పనిలోనో ఉంటారు. కిలోకి ఇంతని కూలి. ఒకావిడ ముందు కూర్చుని, బిడ్డను ఒళ్లోకి తీసుకోవాలి, బుగ్గలు నిమరాలి, కళ్లలోకి చూస్తూ కబుర్లు చెప్పాలి అని పావుగంట ఏకరువు పెట్టాను. అంతా విని ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది. “ఈ చేతుల్తో బుగ్గలు నిమిరితే పిల్ల ఊరుకుంటదా మేడం?” అంది.

మిరపకాయ ఘాటు చేతికి పడితే ఎన్ని నీళ్లు పోసి కడిగినా రాత్రి దాకా మండుతూనే ఉంటుంది. ఆవిడ బిడ్డను ముట్టుకోకపోవడానికి కారణం ప్రేమ లేకపోవడమూ కాదు, తెలియకపోవడమూ కాదు. బిడ్డ కళ్లు మండుతాయని దూరంగా ఉంటోంది. ఆ సంగతి తెలియకుండా నేను ఛార్టు తిప్పుతున్నాను! “అవగాహన కల్పించాము” అనేది నెలవారీ రిపోర్టులో రాసుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ రోజు అవగాహన కలిగింది మాత్రం నాకే.

తర్వాత ఆ ఇంట్లో నిదానంగా గమనిస్తే, పిల్లను రోజంతా ఎత్తుకుని తిరిగేది ఎనిమిదేళ్ల అక్క. తల్లి మాత్రం కాయలు తీస్తూ దూరం నుంచే పిల్లతో ఏదో ఒకటి అంటూనే ఉంది. ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, అయ్యాయో లెక్క పెడుతోంది, దారిన పోయే మేకను చూపిస్తోంది, పిల్ల “ఊ” అంటే తనూ “ఊ” అంటోంది. నేను చెప్పదలుచుకున్నది ఆవిడ చేస్తూనే ఉంది. నేను కలపాల్సింది కొంచెమే. పిల్ల “ఊ” అన్నాక ఒక్క క్షణం ఆగు, మళ్లీ తను ఏమంటుందో చూడు అన్నాను. సాయంత్రం కొబ్బరినూనె రాసుకుని చేతులు బాగా కడుక్కున్నాక ఒళ్లో వేసుకునే సమయం మాత్రం వంటలోకి పోనివ్వద్దు అన్నాను. ఆ అక్కను బడి మానిపించకుండా, చిన్నదాన్ని పగటిపూట ఎదురింటి ముసలావిడ దగ్గర ఉంచేలా ఒప్పించడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. నిజానికి ఆ ఇంట్లో నేను చేసిన పెద్ద పని అదే. అది ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కలేదు.

ఇప్పుడు అత్తగారి సంగతి. “నలుగుర్ని పెంచాను” అని ఎవరైనా అన్నారంటే అది తిట్టు అనుకోకండి. నన్ను అడిగి తెలుసుకో అని చెప్తున్నట్టు. అడగండి మరి. మన దగ్గర పిల్లల ఎదుగుదలను లెక్కగట్టే పద్ధతి ఛార్టులు రాకముందు నుంచీ ఉంది కదా: నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు. నేను కొత్త టీచర్లకు ఎప్పుడూ చెప్పే చిట్కా ఇది. “మీ బాబు ఎన్నో నెలలో బోర్లా పడ్డాడు?” అని తల్లిని అడిగితే “ఏమో, ఐదో, ఆరో” అంటుంది. “బొబ్బట్లు ఎప్పుడు పంచారు నాయనమ్మా?” అని అడిగి చూడండి. “బొబ్బట్లెక్కడివమ్మా, బెల్లం ముక్క పెట్టాం. సంక్రాంతికి ముందు, మా చిన్నమ్మాయి వచ్చినప్పుడు” అని తేదీతో సహా చెప్తుంది. మీకు సమాచారం దొరుకుతుంది, ఆవిడకు గౌరవం దక్కుతుంది. మీకు పెళ్లయిందా లేదా అన్న ప్రశ్న ఇక రాదు.

ఇంకో ఉపాయం, నీళ్లు పోసే వేళకు వెళ్లడం. పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్లు పోసే ఆ పావుగంటను మించిన పాఠం నాకింతవరకు కనబడలేదు. పెద్దావిడ ముఖం బిడ్డ ముఖానికి ఎదురుగా ఉంటుంది, కాళ్లూ చేతులూ సాగదీస్తూ ఉంటుంది, “ముక్కేదీ, ముక్కు సాగాలి, చెవేదీ” అని ఆగకుండా మాట్లాడుతుంది, బిడ్డ కేరింత కొడితే నవ్వుతుంది. శిక్షణల్లో మనకు నేర్పే “స్పందించే సంరక్షణ” అంటే ఇదే. ఆ మాట ఆవిడకు చెప్పనక్కర్లేదు. “మీరలా మాట్లాడుతుంటే వాడు మీ పెదాలే చూస్తున్నాడు, గమనించారా?” అంటే చాలు. రేపటి నుంచి ఇంకొంచెం ఎక్కువే మాట్లాడుతుంది, కోడలికి కూడా చూపిస్తుంది.

పెద్దవాళ్లు చేసేదంతా ఒప్పుకోమని కాదు. మాడు మీద ఆముదం పెడితే పెట్టనివ్వండి, దాని మీద మీ పరపతి ఖర్చు పెట్టుకోవద్దు. చెవుల్లో ముక్కుల్లో నూనె పోయడం, నీళ్లు పోశాక బిడ్డ ముఖం దగ్గర సాంబ్రాణి పొగ వేయడం, ఆరు నెలలు నిండకుండా నీళ్లు, ఏడాది నిండకుండా తేనె పట్టడం, ఈ మూడింటి దగ్గర మాత్రం వదలొద్దు. అదీ మొదటి రోజే కాదు. రెండో మూడో సారి, ఆవిడ మిమ్మల్ని కూర్చోమన్నాక.

కొండ ఇళ్ల గురించి ప్రత్యేకంగా ఒక మాట, ఎందుకంటే మైదానంలో పనిచేసేవాళ్లకు ఇది తోచదు. నేను ఒక శిక్షణ కోసం విజయవాడ వచ్చినప్పుడు అక్కడి టీచర్లతో నాలుగు రోజులు ఆ మెట్లెక్కాను. ఇంటి గుమ్మం దాటితే నిట్టనిలువు మెట్లు. నీళ్లు కింది నుంచి మోసుకోవాలి. తల్లి బిందెతో కిందికి దిగితే బిడ్డ ఎక్కడుండాలి? చీర ఉయ్యాల్లో. పనయ్యేదాకా ఉయ్యాల్లోనే. తొమ్మిది పది నెలల పిల్లలు నేల మీద పారాడకుండా ఉయ్యాల్లోంచి చూస్తూ కూర్చున్నారు. ఛార్టు ప్రకారం చూస్తే ఎదుగుదల ఆలస్యం. చూడబోతే వాళ్లకు లేనిది నేల. అక్కడ “పిల్లాణ్ణి ఆడించండి” అన్న సలహా గాలికి పోతుంది. గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తు పలక ఒకటి బిగించి, లోపల చాప పరిచి, రెండు గిన్నెలూ ఒక గరిటె పడేస్తే ఆ బిడ్డకు రోజుకు గంట నేల దొరుకుతుంది. ఒక ఇంటి తండ్రి ఆటోనగర్‌లో వెల్డింగ్ పని చేస్తాడు. మేం చెప్పిన మూడో రోజుకే ఇనుప జాలీ గేటు చేసి తెచ్చాడు. పక్క మూడు ఇళ్లవాళ్లూ వచ్చి చూసి మాకూ కావాలన్నారు. తండ్రులను మనం లెక్కలోకే తీసుకోం. వాళ్లకు “ఆడించు” అంటే సిగ్గు. “ఇది చేసి పెట్టు” అంటే చేస్తారు, చేశాక దాని ముందు కూర్చుని బిడ్డను ఆడిస్తారు కూడా.

ఉపయోగం ఉందనడానికి ఆధారమేంటని అడిగారు. మీలాంటి పనినే కొలిచి చూసిన అధ్యయనం ఒకటి ఉంది. 1986–87లో జమైకా దేశంలోని కింగ్‌స్టన్‌లో, వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పేద పిల్లలతో మొదలుపెట్టారు. వాళ్లలో కొందరి ఇళ్లకు మామూలు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి, గంటసేపు, రెండేళ్ల పాటు వెళ్లారు. పెద్ద డిగ్రీలున్నవాళ్లేమీ కాదు. పారేసే డబ్బాలు, సీసా మూతలతో చేసిన బొమ్మలు తీసుకెళ్లి తల్లితో కలిసి ఆడేవారు. 20 ఏళ్ల తర్వాత చూస్తే, అలా ఇంటికి వెళ్లి ఆడించిన పిల్లల సంపాదన, వెళ్లని ఇళ్ల పిల్లల కన్నా సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది. ఇది చెప్తే మా శిక్షణల్లో అందరూ చప్పట్లు కొట్టేవారు. నేను మాత్రం ఒక గీత గీసి చూపించేదాన్ని: వారానికి ఒకసారి, గంట, రెండేళ్లు. మనం వెళ్లేది నెలకో రెండు నెలలకో, కూర్చునేది పది నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు ఫోన్లో వివరాలు ఎక్కించడం. వాళ్ల ఫలితం మనకూ వస్తుందని ఆశ పెట్టుకోవడం అత్యాశే. అందుకే అన్ని ఇళ్లకూ సమానంగా పది నిమిషాలు పంచొద్దని నా అభిప్రాయం. బరువు పెరగని బిడ్డ, తోడెవరూ లేని తల్లి, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఇలాంటివి ఐదారు ఇళ్లు ఎంచుకుని అక్కడికి వారం వారం వెళ్లండి. మిగతా వాళ్లను కేంద్రానికి వచ్చినప్పుడు పలకరించండి. మీ పై అధికారులు ఒప్పుకుంటారా అంటే, నేను ఆ సీట్లో ఉన్నప్పుడు ఒప్పుకున్నాను. అడిగి చూడండి.

పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ఎక్కించడం తప్పదు, తెలుసు. కానీ తల్లి మాట్లాడుతుండగా ఫోన్ చూడొద్దు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నింపుకోండి. మనమే ఆవిడ ముఖం చూడకుండా, బిడ్డ ముఖం చూసి మాట్లాడమని ఆవిడకెలా చెప్తాం?

తల్లి ముఖం చూడండి అంటున్నది ఇంకో కారణానికి కూడా. ఒక ఇంట్లో నాలుగు నెలల పాప బరువు పెరగట్లేదు. నేనూ టీచరూ మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ తల్లిపాల గురించే మాట్లాడాం. ఆ అమ్మాయి “ఊ” అనడం తప్ప ఇంకో మాట లేదు. మూడోసారి బయటికొస్తుంటే టీచర్ అంది, “మేడం, ఈ పిల్ల ఒక్కసారి కూడా బిడ్డ వంక చూడలేదు.” నేను గమనించలేదు, ఆవిడ గమనించింది. మళ్లీ వెళ్లి, పాప సంగతి పక్కన పెట్టి, “నువ్వెలా ఉన్నావమ్మా, నిద్ర పడుతోందా?” అని అడిగాను. పదినిమిషాలు ఏడ్చింది. పాప నిద్రపోయినా తనకు నిద్ర రావట్లేదట, ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపిస్తోందట. ఇంట్లోవాళ్లు నాటకాలు అంటున్నారట. కాన్పు తర్వాత వచ్చే దిగులు జబ్బు అది. మొదటి రెండు వారాల్లో చాలామంది బాలింతలకు కొంచెం ఏడుపు, చిరాకు ఉండి తగ్గిపోతాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద ధ్యాస లేకపోతే, చావు మాట నోటి వెంట వస్తే మీరు సలహాలివ్వకండి. “ధైర్యంగా ఉండాలమ్మా” అని అసలు అనొద్దు. మీ ప్రాంతపు నర్సు ఏఎన్‌ఎంకు చెప్పి డాక్టరు దగ్గరికి పంపాలి. చావు మాట వస్తే ఆవిడను ఒంటరిగా వదిలి రాకండి, ఆ రోజే తీసుకెళ్లాలి. మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ ఆవిడ చేతికిచ్చేసి రాకుండా, పక్కన కూర్చుని కలిపివ్వండి. ఆ అమ్మాయికి వైద్యం అందింది. తను తేరుకున్నాకే పాప బరువూ పెరిగింది. మేం చెప్పిన పాల పాఠాల వల్ల కాదు.

నా తప్పు ఇంకోటి కూడా చెప్పాలి. ఒక బాబుకు ఏడాదిన్నర దాటినా మాటల్లేవు. నాయనమ్మ “మా ఇంట్లో మగపిల్లలకు మాటలు ఆలస్యమే” అంది. పెద్దవాళ్లను గౌరవించాలన్న ఊపులో నేనూ “అవును, వస్తాయిలే” అనేశాను. రెండున్నరేళ్లకు తేలింది, వాడికి వినపడదని. తలుపు చప్పుడైతే తిరిగేవాడు కదా అనుకున్నాం. వాడు తిరిగింది వెలుతురుకు. చెవి పరీక్ష ముందే చేయించి ఉంటే చెవి మిషనో, ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటో ఏడాది ముందు పడేది. మాట నేర్చుకునే వయసులో ఏడాదంటే చాలా ఎక్కువ. ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి వెళ్లాలంటే నాకు కాళ్లు రావు.

అందుకని అత్తగారితో ఎంత స్నేహమైనా సరే, ఇవి కనబడితే “వస్తాయిలే” అనొద్దు:

మూడు నెలలకూ మనిషి ముఖం చూసి నవ్వకపోవడం. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. ఏడాదిన్నరకు నడక రాకపోవడం, లేదా ఒక్క మాటా లేకపోవడం, వేలితో చూపించకపోవడం. రెండేళ్లకు “అమ్మ లా”, “పాలు తావా” లాంటి రెండు మాటలు కలపకపోవడం. ఏ వయసులోనైనా, వచ్చిన మాటో నడకో మళ్లీ పోవడం.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. అలాంటప్పుడు ఒక్క వారం కూడా ఆగొద్దు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే బృందం కేంద్రానికి వచ్చేదాకా కూర్చోకుండా ఏఎన్‌ఎం ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) రాయించుకుని, అక్కడి నుంచి జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి, అంటే మనవాళ్లు డీఈఐసీ అనేదానికి పంపండి. మాటలు రాలేదంటే మొట్టమొదట చెవి పరీక్ష, మిగతావన్నీ తర్వాత. కుటుంబానికి ఏమని చెప్పాలి అంటారా? “తేడా ఉంది” అనకండి, అది మనం తేల్చేది కాదు. “ఒకసారి చూపిద్దాం, ఏమీ లేదంటే మనకే నిశ్చింత” అనండి. వీలైతే మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. పెద్దాసుపత్రిలో ఏ గదికి వెళ్లాలో తెలియక గేటు దగ్గర నుంచే తిరిగొచ్చిన తల్లులను చాలామందిని చూశాను.

ఫోన్ గురించి కూడా అడిగారు. ప్రతి ఇంట్లోనూ ఫోన్ చూపిస్తేనే ముద్ద దిగుతోంది అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క: ఏడాదిలోపు పిల్లలకు అసలు వద్దు, రెండేళ్లు నిండేదాకా వద్దనే, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా రోజుకు గంటకు మించొద్దు. ఈ లెక్క తల్లికి అప్పజెప్తే మీరు వెళ్లేటప్పుడు ఫోన్ దాస్తుంది, అంతే. మూడు పూటల్లో ఒక పూట మాత్రం ఫోన్ లేకుండా, గిన్నె బిడ్డ ముందే పెట్టి, వాణ్ణే కలుపుకోనివ్వమనండి. ఇల్లు పాడవుతుంది, సగం నేలపాలవుతుంది, రెండు మూడు రోజులు తక్కువ తింటాడు. ఈ మూడూ ముందే చెప్పాలి. చెప్పకపోతే మొదటి రోజే మానేస్తారు.

ఇక ఆశా కార్యకర్తతో తగువు వద్దు. మూడు, ఆరు, తొమ్మిది, 12, 15 నెలలకు ఆవిడ కూడా ఆ ఇళ్లకు వెళ్లాలి. ఆ వారం ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒకరు తల్లితో మాట్లాడుతుంటే ఇంకొకరు నాయనమ్మతో మాట్లాడొచ్చు. లేకపోతే పొద్దున ఒకరు ఒకటి, సాయంత్రం ఇంకొకరు ఇంకోటి చెప్పి వస్తారు, ఆ ఇంటివాళ్లు ఇద్దర్నీ వదిలేస్తారు. మీకిచ్చిన నవచేతన పుస్తకంలో 36 నెలలకు నెలవారీ ఆటలున్నాయి. అది మీరు చదువుకోవడానికి, ఇంట్లో తెరిచి చదివి వినిపించడానికి కాదు. వెళ్లేముందు ఆ బిడ్డ నెల చూసుకుని ఒక ఆట గుర్తుపెట్టుకోండి, చాలు.

ఇప్పుడు మీరు చేయాల్సిందల్లా, “పెళ్లయిందా” అన్న ఆవిడ ఇంటికి ఈ వారం నీళ్లు పోసే వేళకు ఖాళీ చేతుల్తో వెళ్లడం. ఫోన్ సంచిలో ఉండనివ్వండి. బొబ్బట్లు ఎప్పుడు పంచారో అడగండి. ఆవిడ ఏమందో వీలు చూసుకుని ఇక్కడే రాయండి, అక్కణ్ణుంచి చూద్దాం.